మిల్లు గోడ మీద నా పేరు

నవ్య అనే అమ్మాయి వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఉంటోంది. ఆడియాలజీ, అంటే వినికిడి పరీక్షల చదువు, చదవడానికి అప్లై చేస్తోంది. పోయిన నెల మా ఇంటికి వచ్చి టీ తాగుతూ, "ఆంటీ, మీ కెరీర్ గురించి ఏదన్నా రాసియ్యిండ్రి. మాలాంటోళ్ళకు ఇన్‌స్పైరింగ్‌గా ఉంటది" అని అడిగింది. సరేనన్నాను. రాయడానికి కూర్చుంటే ఇది వచ్చింది. దీన్ని చదివి ఎవరికైనా ఉత్సాహం వస్తుందని నేననుకోను. నవ్యా, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

లైసెన్సు పరీక్షలు, ప్రమోషన్లు, ఏ కోర్సుకి ఎంత డిమాండు వంటివి ఇక్కడ ఉండవు. అవి వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఎక్కడా దొరకనిది ఈ పని మనిషిని ఏం చేస్తుందన్న సంగతి. నాకు తెలిసినంతవరకు అదే రాస్తాను.

పని అంటే

బయటి చప్పుడు రాని చిన్న గదిలో మనిషిని కూర్చోబెడతాం. హెడ్‌ఫోన్లు తగిలించి సన్నటి కూతలు వినిపిస్తాం. వినబడినప్పుడల్లా మీట నొక్కమంటాం. ఎంత సన్నటి కూత వరకు నొక్కారో గీత గీస్తాం. ఆ గీతనే ఆడియోగ్రామ్ అంటారు. చెప్పుకోవడానికి ఇంతే పని. కోతికి నేర్పినా చేస్తుందని మా ఆయన ఏడిపించేవారు. ఆయన యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు కాబట్టి ఆయనకి అందరి పనులూ తేలికే.

అసలు కష్టం మనుషులతోనే. మా దగ్గరికి చెవుల కోసం వచ్చేవాళ్ళు తక్కువ, ఇంట్లోవాళ్ళ ముందు ఏదో రుజువు చేసుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. ఒక పెద్దాయన కూత ఉన్నా లేకపోయినా మీట నొక్కుతూనే ఉన్నాడు. బయట వాళ్ళావిడ, "ఇంట్లో చెత్త బయట పెట్టమంటే వినబడదు, ఇక్కడ మాత్రం అన్నీ వినబడతాయి" అని విసుక్కుంటోంది. ఇంకొకాయన కళ్ళు మూసుకున్నట్టే ఉండి, నా భుజం కదలికను చూసి నొక్కేవాడు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసే పిల్లలకీ వీళ్ళకీ తేడా లేదు.

మా మొదటి బాసు హాలిఫాక్స్‌లో నౌకాదళం ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన ముసలి డాక్టరు. నేను మాటలు పలికి వాళ్ళతో తిరిగి అనిపించే పరీక్ష చేస్తుంటే చూసి, చేతికి ఒక అట్టముక్క ఇచ్చాడు. "నీ ముఖం చాలా మాట్లాడుతుంది వసుంధరా. నోటికి ఇది అడ్డం పెట్టుకో, అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి ఏం వినబడుతోందో" అన్నాడు. ఈ వృత్తిలో నాకు దొరికిన అన్నిటికంటే మంచి సలహా అదే. ఆయన మాటలు కటువుగా ఉండేవి, మనసులో కల్మషం ఉండేది కాదు. అలాంటి బాసు దొరికితే వదులుకోకండి.

మిల్లు ఆడవాళ్ళు

మా ఊరు కేంబ్రిడ్జ్‌కి కారులో కొంచెం దూరం. నది ఒడ్డున ఉన్నిదుప్పట్ల మిల్లు, దాని చుట్టూ ఊరు. నేను వచ్చేనాటికి ఆ మిల్లులో మరమగ్గాల గది నిండా ఆడవాళ్ళే ఉండేవారు. చాలామంది పోర్చుగల్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళు. నేను పుట్టింది చీరాలలో. మా వీధిలో మగ్గాల చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని కాబట్టి, మగ్గం అంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను. మొదటిసారి ఆ గది తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే నా గుండె కొట్టుకోవడం కూడా నాకు తెలియలేదు. దారం మోసే ఇనుప మొనల నాడెలు అటూ ఇటూ విసురుగా కొట్టుకుంటుంటే నేల అదిరిపోతోంది. ఆ ఆడవాళ్ళు మాత్రం మగ్గానికీ మగ్గానికీ మధ్య నిలబడి, పెదవులతోనే హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు.

వాళ్ళలో మరియా ఒకామె. పొట్టిగా, గట్టిగా ఉండేది. నాకంటే పెద్దది. పరీక్షకి వచ్చినప్పుడల్లా నేను చెప్పిన ప్రతి మాటకీ ఠక్కున జవాబు చెప్పేది, అట్టముక్క అడ్డం పెట్టేదాకా. ఒకసారి గాజు తలుపు అవతల నుంచి నేను మా ఆయనతో ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే చూస్తూ కూర్చుంది. ఫోన్ పెట్టేశాక, "మొగుడేనా?" అంది.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"ఒకే మాట తిప్పి తిప్పి చెప్పావు. మొగుడికైతేనే అలా చెప్పాలి."

ఫ్రిజ్‌లో పప్పు ఉందని చెబుతున్నాను నిజానికి. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే ఆమె చెవుల గీత బల్ల మీద ఉంది. కీచు స్వరాల దగ్గర లోతైన గుంట పడి, మళ్ళీ పైకి లేచిన గీత అది. రొద కొట్టిన చెవికి అలాంటి గుంట పడుతుంది. వయసుతో తగ్గిన వినికిడి ఒకే వాలుగా దిగుతుంది. మొదటి సంవత్సరం చదివే పిల్లలు కూడా ఆ తేడా చెప్పగలరు.

అబద్ధం కాని వాక్యం

ముసలి డాక్టరు వెళ్ళిపోయాక క్లినిక్‌కి రెండో బాసు వచ్చింది. మంచి మనిషే. పుట్టినరోజులకి కేక్ తెచ్చేది, నా పిల్లల పేర్లు గుర్తుపెట్టుకునేది. రిపోర్టు చివర ఒక వాక్యం రాయడం ఆమే నేర్పింది: "ఇందులో వయసు పాత్ర కూడా ఉండవచ్చు." ఎవరి రిపోర్టుకైనా అది సరిపోతుంది. ఎవరికి వయసు రాదు? మిల్లు నుంచి క్లినిక్‌కి చాలామంది వస్తారు, మిల్లుతో తగువు ఎందుకన్నది ఆమె పైకి అనని మాట. అందరం రాశాం. నలభై దాటని మరియాకి కూడా రాశాం.

తర్వాత ఆ ఆడవాళ్ళు సమ్మె చేశారు. మగ్గాల గదిలో రొద ఆపే అడ్డుగోడ కట్టాలనీ, చెవులకి రక్షణ ఇవ్వాలనీ మంచులో గేటు ముందు నిలబడ్డారు. నేను కారులో వెళుతూ చెయ్యి ఊపేదాన్ని. వాళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళినప్పుడు కాఫీ విరామం కొంచెం పెరిగింది. గోడ మాత్రం రాలేదు. కొన్నేళ్ళకి మిల్లే మూతపడింది.

అబద్ధం చెప్పే డాక్టరు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాడు. అబద్ధం కాని మాట, అక్కర్లేని చోట చెప్పేవాళ్ళు ఎన్నటికీ దొరకరు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. అయితే ఆ పాత రిపోర్టుల గురించి ఇప్పుడు కన్నీళ్ళు కార్చి పేరు తెచ్చుకోవాలని నాకు లేదు. బాసు ఉంది, ఉద్యోగం ఉంది, ఊరంతా అలాగే రాసేది, ఇలా చెప్పుకోవడానికి నాకు చాలా ఉన్నాయి. నన్ను తినేస్తున్న సిగ్గు అది కాదు. పోయిన ఏడాది, రిటైరై హాయిగా ఉన్నప్పుడు చేసిన పని గురించి ఈ సిగ్గు.

మిల్లుకి కొత్త రంగు

ఇప్పుడు మా ఊరికి శని, ఆదివారాల్లో టొరంటో నుంచి జనం వస్తున్నారు. మిల్లు కిటికీలకి కొత్త అద్దాలు వేశారు. కింద అంతస్తులో కాఫీ షాపు, కుండలు చేసేవాళ్ళ స్టూడియో, సంగీతం హాలు. బయటి గోడ మీద సమ్మె చేసిన ఆడవాళ్ళ బొమ్మ రెండంతస్తుల ఎత్తున వేశారు. అందరూ నోళ్ళు తెరిచి పాడుతున్నట్టు ఉంటుంది. మన తెలుగువాళ్ళం కూడా అక్కడే హాలు తీసుకుని ఉగాది, బతుకమ్మ చేస్తున్నాం.

దీన్నంతా నడిపేది హెదర్ అనే అమ్మాయి. మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది. మగ్గాల గదిలో ఒక మగ్గాన్ని బాగుచేయించి, దాని చుట్టూ మ్యూజియం పెట్టాలని కమిటీ వేసింది. పాత కార్మికుల తరఫున మరియా, ఆమెకి తోడుగా కూతురు లూసియా వచ్చారు. చెవుల ఎక్స్‌పర్టునని నన్ను కూర్చోబెట్టారు. మగ్గం పక్కన పెట్టే బోర్డు మీద ఏం రాయాలో మాట్లాడుకుంటున్నాం. మరియాకి ఎనభై దాటాయి. నేయడం గురించి, జీతాల గురించి, సమ్మె గురించి ఎవరెవరో ఏవేవో చెబుతుంటే ఒక్కొక్కరి పెదవులూ చూస్తూ కూర్చుంది. చివరికి బల్ల మీద చెయ్యి పెట్టి, "నాకు ఒక్క మాట కావాలి. ఈ మగ్గాల రొద మా చెవులు తినేసింది. ఆ ముక్క రాయండి. మిగతాది మీ ఇష్టం" అంది.

హెదర్ కాస్త ఇబ్బందిగా కదిలి నా వైపు తిరిగింది. "వసూ, ఇది వైద్యపరంగా కరెక్టేనా?"

అవును అంటే అయిపోయేది. నా మీద బాసు లేదు. మిల్లు లేదు. నాకు రావలసిందీ పోవలసిందీ ఏమీ లేదు. అయినా నా నోటి నుంచి వచ్చిందేమిటంటే, "అంటే... ఇందులో వయసు పాత్ర కూడా ఉంటుంది కదా."

నన్ను మరీ సిగ్గుపడేలా చేసేది ఇంకొకటి ఉంది. మరియా నా పెదవుల వైపే చూస్తోంది. నేను ఆమె వైపు పూర్తిగా తిరిగి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, నిదానంగా, స్పష్టంగా ఆ మాట చెప్పాను. వినికిడి లేనివాళ్ళతో అలా మాట్లాడాలని నేను ఎంతమందికి నేర్పానో. ఆమె మెల్లగా తల ఊపింది. లూసియా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వేసేసుకుంది. ఆ వేళ మీటింగు తొందరగా ముగిసిందని అందరం సంతోషించాం.

బోర్డు మీద ఇలా వచ్చింది: "మగ్గాల మధ్య పనిచేసిన ఈ స్త్రీలలో చాలామందికి వయసు పైబడ్డాక వినికిడి తగ్గింది." పక్కన చక్కటి ఫొటో.

వెండి పళ్ళెం

ప్రారంభం రోజున మగ్గాన్ని నిజంగా నడపాలని హెదర్ సరదా. రొద ఎక్కువగా ఉంటుంది, వచ్చినవాళ్ళకి చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు ఇవ్వాలి అన్నాను. "అయితే ఆ స్వాగతం బాధ్యత నీదే. మీ సంస్కృతి నుంచి ఏదైనా కలిపితే ఎంత బాగుంటుందో!" అంది.

మనకి ఆ మాట చాలు. పట్టుచీర కట్టుకున్నాను. మన తెలుగువాళ్ళలో రిటైరైన ఒక డాక్టరుగారి భార్య పద్మని కూడా కట్టుకోమన్నాను. పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర నిలబడినట్టే, ఆమె పన్నీరు బుడ్డి, నేను వెండి పళ్ళెం పట్టుకుని మిల్లు గుమ్మంలో నిలబడ్డాం. పళ్ళెంలో గంధం గిన్నె, కలకండ, వాటి పక్కన నారింజ రంగు బిరడాలు ముగ్గులా పేర్చాను. జనం మురిసిపోయారు. ఫొటోలే ఫొటోలు. నేను ఒక్కొక్కరికీ చిరునవ్వుతో బిరడాలు ఇస్తూ, ఎలా నలిపి పెట్టుకోవాలో చూపిస్తున్నాను.

మరియా లూసియా చెయ్యి పట్టుకుని వచ్చింది. పద్మ పన్నీరు చల్లింది. ఆమె ఉలిక్కిపడి నవ్వింది. నేను పళ్ళెం ముందుకు చాపాను.

"ఇవి ఎందుకు?" అంది మరియా, ఒక బిరడా తీసుకుని.

"లోపల మగ్గం నడుపుతారు కదా. ఆ రొద చెవులకి చాలా హాని చేస్తుంది. కాసేపు నిలబడినా సరే, ఇవి పెట్టుకోవాలి" అన్నాను. యథాప్రకారం ఆమెకి ఎదురుగా, స్పష్టంగా.

"మళ్ళీ చెప్పు."

సరిగా అందలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను, ఇంకా నిదానంగా. చెబుతుండగానే, చెబుతున్నదేమిటో నాకు అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది.

ఆమె బిరడాని వేళ్ళ మధ్య నలుపుతూ అడిగింది, "ఇవి వయసుకి కూడా పనిచేస్తాయా?"

గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నాకు తలకొట్టేసినట్టయింది. వెనక వరసలో జనం ఆగిపోయారు. పద్మకి ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. మరియా ఆ బిరడాని తిరిగి పళ్ళెంలో, గంధం గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టి, ఖాళీ చెవులతో లోపలికి వెళ్ళింది. మగ్గం మొదలైనప్పుడు ఆమె దానికి అందరికంటే దగ్గరగా నిలబడింది. లోపల జనమంతా చెవుల్లో నారింజ రంగు పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

పేరు

మర్నాడు హెదర్ దగ్గరికి వెళ్ళి బోర్డు తప్పు, మార్చాలి అన్నాను.

"కానీ వసూ, మేం నిన్ను అడిగాం కదా" అంది.

"అడిగారు. నేను చెప్పింది తప్పు."

పాపం, ఆ అమ్మాయి వాదించలేదు. కొత్త బోర్డు వేయిస్తానంది. అక్కడి నుంచి తిన్నగా మరియా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బీన్స్ తుంచుతోంది. నేను దారంతా కూర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. సారీ అన్నాను. ఆమె వినాల్సినంత విని, అంటే చూడాల్సినంత చూసి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"సారీ నీ ఇంట్లో పెట్టుకో. బోర్డు మీద నీ పేరు పెట్టు."

"నా పేరెందుకు? మాట మీది."

"నా మాట నేను ఎప్పటినుంచో చెబుతున్నాను. ఎవరికి ఎక్కింది? నువ్వు అక్కడ కూర్చుని సగం మాట అన్నావు, బోర్డెక్కింది. నీ పేరుంటేనే నమ్ముతారు. పెట్టు."

లూసియా స్టవ్ దగ్గర నుంచి తిరిగి చూడలేదు. నేను సరేనన్నాను. కాదనే ముఖం నాకెక్కడిది?

కొత్త బోర్డు వచ్చింది. ఎడమ పక్క: "ఈ మగ్గాల రొద మా చెవులు తినేసింది. మరియా, నేత కార్మికురాలు." కుడి పక్క: "ఇది వైద్యపరంగా నిజం. వసుంధర, ఆడియాలజిస్టు." హెదర్ నా పేరు కాస్త పెద్ద అక్షరాల్లో వేయించింది. చూడగానే ఇది బాగాలేదని చెప్పాను. డిజైన్ అలా కుదిరింది అంది.

బతుకమ్మకి మనవాళ్ళందరూ అదే మిల్లులో కలిశారు. పద్మ అందరినీ లాక్కొచ్చి మగ్గం దగ్గర నిలబెట్టింది. "చూశారా, మన వసుంధర గారు! ఆ ఆడవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోకపోతే ఈవిడే బయటికి తెచ్చారు. మనవాళ్ళ పేరు గోడ మీద, అదీ కెనడాలో!" అంటోంది. కాదు పద్మా, జరిగింది అది కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే పిల్లలు ఫోన్లు తీశారు. "ఆంటీ, స్మైల్! కొంచెం లెఫ్ట్‌కి జరగండి, మీ నేమ్ కవర్ అయిపోతోంది" అన్నారు.

జరిగాను.

ఆ ఫొటో మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు. కుడి పక్క నా పేరు చక్కగా చదవడానికి వీలుగా కనిపిస్తోంది. ఎడమ పక్క నేను నిలబడి ఉన్నాను, పట్టుచీరలో, నవ్వుతూ. మరియా మాట నా వెనకాల ఉంది.